కరువు లేదన్న చెయ్యి

“భుజం ఊడిపోతాండాదప్పా! రోజూ ఎత్తి ఎత్తి ఈ రెక్క నాది కాకుండా పోయె” అంటూ శ్రీరంగప్ప కుడిభుజం పట్టుకుని చావిడి అరుగు మీద కూలబడ్డాడు.

“నాకూ అంతే అన్నా. కర్పూరం నూనె రాసినా దిగడంలే” అన్నాడు ఖాజా హుస్సేన్. అతనిది ఉత్తమాట కాదు. నిజంగానే నెలల తరబడి ఆ చెయ్యి లాగేస్తోంది.

“పోతే పోనీలేప్పా. మహానాయకుని కోసరం ఒక రెక్క పోతే ఏమి?” అని శ్రీరంగప్ప గొంతు పెంచి, ఎవరైనా విన్నారా లేదా అని అటూ ఇటూ చూశాడు.

అరవైల్లో అనంతపురం గడ్డ మీద మహానాయకుడి ఏలుబడి ఒకటి వచ్చిందనుకోండి. వచ్చి ఆరేళ్ళయిందనుకోండి. పొద్దుగూకే వేళకు ఊరంతా చావిడి ముందు చేరాలి. లోపల తాళం వేసిన పెట్టెలో బ్యాటరీ రేడియో ఉంటుంది. అందులోంచి మహానాయకుడు ప్రమాణం చదువుతాడు: “మన నేల పచ్చన. మన కడుపు చల్లన. కరువన్న మాట కల్ల.” ఆ తర్వాత వచ్చే పాట అయిపోయేదాకా అందరూ కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి పైకెత్తి ఉంచాలి. కళ్ళు తెరవడం ఒక నేరం. చెయ్యి ఎత్తకపోవడం ఇంకో నేరం. రెంటికీ శిక్ష మాత్రం ఒకటే, జొన్నల చీటీ చించేసి మనిషిని జీపెక్కించడం. అందరి కళ్ళూ మూసుకుని ఉంటే ఎత్తని చెయ్యిని కనిపెట్టేదెవరని అడక్కండి. అట్లాంటి ప్రశ్నలు అడిగినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో లేరు. శ్రీరంగప్ప ఒంటికన్ను తెరిచి చూస్తుంటాడని అందరికీ గట్టి నమ్మకం. జీపువాళ్ళకు పేర్లు రాసిచ్చేది అతనే మరి.

ఖాజా హుస్సేన్ ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. మూడేళ్ళుగా చినుకు లేదు, గడ్డి లేదు, ఎద్దులన్నిటినీ సంతకు తోలేశారు. సుత్తి మూలన పడింది. ఊళ్ళో ఇంక నాలుగు కాళ్ళున్నది పంచాయతీ కుర్చీ ఒక్కటే, దానికే కొట్టు లాడాలు అని తమ్ముడు లాల్ అహమ్మద్ నవ్వేవాడు. ఆ నోరే వాడి కొంప ముంచింది. కిందటి నెల కదిరి సంతలో “ఇది కరువు కాకుంటే ఇంకేంది?” అన్నాడు. అక్కడికక్కడే జీపెక్కించారు. వాడు ఉన్నాడో లేడో కూడా ఇంతవరకు తెలియలేదు.

వాణ్ణి జీపెక్కించిన సాయంత్రం కూడా ఖాజా హుస్సేన్ చెయ్యి ఎత్తాడు. కరువు లేదని, అంటే తన తమ్ముడు అబద్ధాలకోరని, ఊరందరి నడుమ ప్రమాణం చేశాడు. అప్పట్నుంచీ ఆ చేత్తో సంగటి ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే సిగ్గేసేది.

“ఈ పొద్దు నేను ఎత్తను” అన్నాడు చావిడి నుంచి ఇంటికొచ్చి.

మేరాజ్ బీ చేట కింద పెట్టింది. “ఏమి ఎత్తవు?”

“చెయ్యి.”

“నీకేమన్నా పిచ్చి పట్టిందా? లాలూ ఎట్లాగూ పాయె. నువ్వు కూడా పోతే ఇద్దరు బిడ్లను పెట్టుకోని నేను యాడ పడేది?”

“వాడు నిజం చెప్పినాడు మేరాజ్. నేను రోజూ ఆడ కూచోని వాన్ని దొంగను చేస్తాండా.”

“నాకు మాత్రం మరిది కాదా వాడు? నేను ఎత్తడంలేదా? కళ్ళు మూసుకోని ఎత్తేస్తే అయిపాయె. చెయ్యేమన్నా అరిగిపోతాదా?”

“నీది రాతిగుండె” అన్నాడు ఖాజా హుస్సేన్. ఆమె చేట తీసుకుని అటు తిరిగి కూర్చుంది.

పక్కింటి నల్లమ్మ గోడ మీదుగా తల పెట్టింది. “ఏమప్పా ఖాజా, చెయ్యి ఎత్తనంటాండావా? జీపొస్తే నీ ఒక్క ఇంటి ముందరే నిలబడి పోతాదనుకున్నావా? ముసల్దాన్ని, మోకాళ్ళు లేయకపోయినా నాకు చెయ్యి లేస్తాండాది. నీకేం రోగం?”

ఖాజా హుస్సేన్‌కు తల కొట్టేసినట్టయింది. ఇంతమంది ఎత్తే చెయ్యి తానొక్కడు ఎత్తకపోతే కరువుందని మహానాయకుడు ఒప్పుకుంటాడా, తమ్ముడు తిరిగొస్తాడా? రాడు. అయినా ఎత్తకూడదనే అనుకున్నాడు. తెగించినవాడికి లెక్కలతో పనేముంది?

పొద్దుగూకింది. చావిడి ముందు ఊరంతా బారులు తీరి కూర్చుంది. రేడియో గరగరలాడింది. మహానాయకుడు ఎప్పటిలాగే నేల పచ్చన అన్నాడు, కడుపు చల్లన అన్నాడు, కరువన్న మాట కల్ల అన్నాడు.

ఖాజా హుస్సేన్ కళ్ళు మూసుకున్నాడు. ఆరేళ్ళ అలవాటుకొద్దీ కుడిచెయ్యి దానంతటదే లేవబోయింది. ఎడమచేత్తో దాన్ని ఒళ్ళో అదిమి పట్టుకున్నాడు. ఇప్పుడో ఇంకాసేపటికో శ్రీరంగప్ప తన పేరు పెట్టి అరుస్తాడనుకున్నాడు. పాట మొదలైంది. ఒక చరణం అయింది. ఎవరూ అరవలేదు. మొదట ఒళ్ళు తేలికైంది, ఆ వెంటనే ఎక్కడలేని కోపం వచ్చింది. ఎట్లాగూ జీపెక్కేవాణ్ణి, దొంగలా కళ్ళు మూసుకుని ఎందుకెక్కాలి? ఆ ఒంటికన్నులోకి సూటిగా చూసే ఎక్కుతా అనుకుని రెండు కళ్ళూ తెరిచాడు.

ముందుగా శ్రీరంగప్ప వైపు చూశాడు. ఒంటికన్ను కాదు కదా, అతను రెండు కళ్ళూ బిగించి మూసుకుని ఉన్నాడు. పక్కకు తిరిగి నల్లమ్మను చూశాడు. ఆడవాళ్ళ వరుసలో మేరాజ్ బీని చూశాడు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఊరినంతా చూశాడు.

పైకి లేచిన చెయ్యి ఒక్కటీ లేదు.