చెవి అందిన వయసు

“నాకింకా రెండేండ్ల నౌకరి ఉండాలె సార్. వయసు తప్పు రాసిండ్రు. మా అవ్వనడుగుండ్రి,” అంటూ అటెండర్ సంగప్ప తల్లి పోశమ్మను ముందుకు తెచ్చాడు.

నారాయణఖేడ్ మగపిల్లల హైస్కూలు హెడ్మాస్టరు పాత రిజిస్టరు తెరిచాడు.

“మన బడి రివాజు నీకు తెల్వదా? కుడిచెయ్యి తల మీదికెళ్లి ఎడమ చెవికి అందితెనే ఆరేండ్లని రాస్తుండె. నీకు అందిందని ఉన్నది.”

“నాలుగేండ్లోనికి ఎట్లందుతది సార్? గా పంతులు సూడకుండనే రాసిండు!”

రిటైర్మెంటు కాగితం వచ్చినప్పటి నుంచీ, ఎన్నడో పోయిన ఆ పంతుల్ని సంగప్ప తిట్టని రోజు లేదు.

“పంతులు మంచిగనే సూసిండు బిడ్డా,” అంది పోశమ్మ మెల్లగా. “నేను కూలికి పోతే నిన్నెవరు సూస్తరు? అందుకే ఎనక నిలబడి, గిట్ల నీ తల వంచిన. చెవి అందింది.”

చూపెట్టడానికి ఆమె చెయ్యి అతని నెరిసిన తలమీద పెట్టింది. తల దానంతటదే వంగింది.

హెడ్మాస్టరు రిజిస్టరు మూశాడు. “నా చేతుల ఏం లేదమ్మా.”

“గట్లనకు సారూ. వీని వయసులకెళ్లి ఆ రెండేండ్లు తీసి నాకు రాయరాదూ?”