పడవ పిల్లల బండ

"ఈ పేరు నేను చెక్కను" అంటూ హుస్సేన్ బాషా ఉలి కింద పడేశాడు.

కార్తికేయకు ఒళ్లు మండింది. ఈ వారం రోజుల్లో ఇది మూడోసారి. శుక్రవారానికి బండ లారీ ఎక్కాలి, చెన్నైలో ఓడకు అందాలి. ఇంకా ఆరు పంక్తులు మిగిలే ఉన్నాయి.

తాడిపత్రిలోని వాళ్ల బండల ఫ్యాక్టరీకి ఇంగ్లండు నుంచి ఇలాంటి ఆర్డరు మునుపెన్నడూ రాలేదు. ఆ దేశంలో ఒకప్పుడు కాలువల మీద సరుకు మోసే సన్నటి పడవలు తిరిగేవట. డెబ్బై అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. గట్టు మీద నడిచే గుర్రం తాడుతో లాగేది. పడవ నిండా బొగ్గు, వెనక చిన్న గదిలో సంసారం. లారీ క్యాబిన్ కంటే కాస్త పెద్దదైన ఆ గదిలోనే వంట, పడక, పురుళ్లు. ఆ పడవల్లో పుట్టి, ఆ కాలువల్లోనే మునిగిపోయిన పిల్లలు ఎందరో. అక్కడి ముసలివాళ్ల జ్ఞాపకాల్లోంచి, చర్చి పుస్తకాల్లోంచి ఒక సంఘంవాళ్లు నలభై పేర్లు పోగుచేశారు. కాలువ గట్టున నల్లబండ మీద ఆ పేర్లు ఉండాలన్నారు. మిషను అక్షరాలు వద్దు, చేత్తోనే చెక్కాలన్నారు.

చేత్తో చెక్కేవాడు ఫ్యాక్టరీలో ఒక్కడే మిగిలాడు. బాషాకు అరవై దాటాయి. ఇంగ్లీషు రాదు గానీ శిలాఫలకాలు చెక్కీ చెక్కీ పేర్లు కూడబలుక్కుని చదవగలడు, రాయగలడు. పేరు తెలిస్తే చాలదు ఆయనకు. ఆ బిడ్డ ఎట్లా పోయిందో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఉలి కదలదు. చెబితే కన్నవాళ్ల మీద తిట్లు మొదలు.

కార్తికేయ కాగితం లాక్కుని చదివాడు. "రోజ్, నాలుగేళ్లు, జోసెఫ్ కూతురు, తొమ్మిదో లాకు. ఇందులో నీకొచ్చిన కష్టమేంది?"

"లాకంటే?"

"కాలువకు తలుపులుంటాయి. ఆడ పడవను ఎక్కిస్తారు, దించుతారు."

"ఎట్ల పడింది?"

"నాయన తలుపు తోస్తాండాడు. అమ్మ చుక్కాని కాడ ఉండాది. తిరిగి చూసేలోపల బిడ్డ లేదు."

"కండ్లు యాడ పెట్టుకున్యాడు వాడు?"

"పని చేసుకుంటాండాడని చెప్తిని గదా! పిల్లలు పడకుండా వంటపొయ్యి పొగగొట్టానికి తాడేసి కట్టేవాళ్లంట. ఆ పొద్దు బిడ్డ ఏడ్చిందని విప్పినారంట."

"ఏడిస్తే ఏడ్చనీలే! పక్కన అన్ని నీళ్లు పెట్టుకోని బిడ్డను ఇడ్సిపెట్టినోడు నాయనెట్లయితాడు? బిడ్డ పేరు చెక్కుతా. జోసెఫ్ అని మాత్రం చెక్కను. ఆ పేరు బండ మీద ఉండగూడదు."

"వానలు పడని ఊళ్లో పుట్టినోనివి, నీళ్ల సంగతి నీకేం తెలుసు?" కార్తికేయ అరిచాడు.

బాషా పక్కకు తిరిగి ఉమ్మేసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

కార్తికేయ నేరుగా తండ్రి మల్లికార్జునయ్య దగ్గరికి పోయాడు. ఫ్యాక్టరీ, దానికి రాయినిచ్చే క్వారీ రెండూ ఆయనవే. కార్తికేయ బెంగళూరులో చదువు ముగించుకుని వచ్చి ఎనిమిది నెలలే అయింది. చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలోనే పెరగడంతో ఫ్యాక్టరీలో సగంమంది అతనికి కొత్త. మిగతావాళ్లంతా లేచి నమస్కారం పెడతారు. బాషా లేవడు. కార్తికేయ ఇప్పించిన టీ ఒక్కరోజూ ముట్టలేదు.

"ఆయప్పను తీసేద్దాం నాయనా. వేరేవాళ్లను పిలిపిస్తా."

ఆయన పేపరు మీంచి తలెత్తలేదు. "బాషాను ఏమనొద్దు. ఎన్ని దినాలైనా పట్టనీ."

"పనోనికి ఇంత భయపడితే ఎట్ల?"

ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున బండ దగ్గర ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. ఈసారి కార్తికేయ తెగించే వచ్చాడు.

"విను బాషా. తప్పు జోసెఫ్‌ది కాదు. ఆ కాలువ ఎవనిదో వానిది. వాని లాకు, వాని నీళ్లు. పిల్లాజెల్లా అంతా ఆ గట్టు మీదే బతుకుతాండారని వానికి తెలుసు. ఒక కంచె వేయించినాడా? ఆ బిడ్డను సంపింది వాడు. కడుపుకోసం పనికొచ్చినోన్ని పట్టుకోని నువ్వు తిడతాండావు."

బాషా మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూశాడు. ఆ చూపుకు కార్తికేయ అనుకోకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మల్లొక తూరి అను."

"ఎన్ని తూర్లైనా అంటా. నీళ్లు ఎవనివో పాపం వానిదే."

బాషా ఉలి తీసుకున్నాడు. సాయంత్రానికి జోసెఫ్ పేరు బండ మీద ఉంది. ఆ తర్వాత రెండు రోజులు ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు. తిండికి కూడా లేవకుండా చెక్కాడు. మొండివాణ్ని మాటతో లొంగదీశానని కార్తికేయ లోలోపల పొంగిపోయాడు.

శుక్రవారం పొద్దున బాషా పనికి రాలేదు. లారీ వచ్చి నిలబడింది. చెక్కపెట్టెకు మూత కొట్టేముందు కార్తికేయ కాగితం పట్టుకుని పేర్లన్నీ ఒక్కొక్కటిగా సరిచూశాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. ముద్ర వేసినట్టున్నాయి.

నలభయ్యో పేరు కింద, అదే కొలతలో, అవే ఇంగ్లీషు అక్షరాల్లో కాగితంలో లేని పంక్తి ఒకటుంది: షబీనా, నాలుగేళ్లు, హుస్సేన్ బాషా కూతురు, మల్లికార్జునయ్య క్వారీ నీటిగుంత.