గోడమీద నది

మొగుడన్నవాడు హాల్లో గోడకి పెళ్ళి ఫోటో తగిలిస్తాడు. మరీ రసికుడైతే జింకల బొమ్మ. ఆమె మొగుడు మాత్రం నది పటం తగిలించాడు. పైగా ఆదివారం ఆదివారం దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. పెళ్ళాం మొహంకేసి అంత శ్రద్ధగా ఏనాడూ చూసి ఎరగడు.

ఇంటికొచ్చిన ప్రతివాడికీ కాఫీకంటే ముందు ఆ పటమే. ఉపగ్రహం పైనుంచి కొలిచిన ఎత్తుపల్లాలు, నీలం గీతలుగా వాగులు, ఏ వాన ఎటు పారుతుందో ఉపన్యాసం. వీధంతా కలిసి ఆయనకి ‘ఉపగ్రహం గారు’ అని పేరు పెట్టేసింది.

ఇప్పుడా వీధిలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. మలుపులో మునిసిపాలిటీ లారీ జనాన్ని ఎక్కించుకుంటోంది. ఉపగ్రహం గారు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. లోపల మంచంమీద అత్తగారు. ఆవిడ నడవలేదు. కొడుకు ఎత్తుకుంటే తప్ప గడప దాటలేదు.

“లేస్తారా, లేవరా?” అంది ఆమె.

“తగ్గిపోతాయిలే. మన నదీ పరీవాహక ప్రాంతం మామిడాకులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గుండ్రంగా ఉంటే వాగులన్నీ ఒక్కసారే మీద పడేవి. ఇక్కడ ఒకటి పోయాకే ఇంకోటి వస్తుంది. మన వీధి నీళ్ళు అటు పోతాయి, గీత చూడు.”

“గీత అటు పోతోంది, నీళ్ళు ఇటొస్తున్నాయి. మీ గీతని వెళ్ళి వాటిని పిలుచుకు రమ్మనండి.”

పక్కింటాయన కిటికీలోంచి తల పెట్టాడు. “ఉపగ్రహం గారూ, మమ్మల్ని ఉండమంటారా?”

“నిక్షేపంలా ఉండండి.”

ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఆ పటం తప్పు. కొలతల్లో ఎక్కడ గుంట కనబడినా యంత్రం పొరపాటనుకుని కంప్యూటర్లో పూడ్చేస్తారు, గీత తెగకుండా పారాలని. మన వీధి నిజం గుంట. దాన్నీ పూడ్చిపారేశారు.”

“కంగారులో ఏదో అంటున్నావు.”

“ఒళ్ళు మండి అంటున్నాను. చల్లటి గదిలో కూర్చుని గీసే బదులు, ఒక్క వానకి ఇక్కడికొచ్చి నిలబడితే తెలిసేది. బుర్రున్నవాళ్ళు చేసే పనేనా అది?”

ఆయన మొహం మొదటిసారి ఎర్రబడింది.

“చూడు, నన్నేమన్నా పడతాను. ఆ పటాన్ని అంటే మాత్రం ఊరుకోను. ఈ ఇల్లు కొన్నదే దాన్ని నమ్మి.”

నీళ్ళు గడప దాటాయి. అత్తగారి మంచం కింద చెప్పులు తేలాయి. ఇక ఆగనన్నట్టు లారీ హారన్ కొట్టింది. ఆమె దగ్గర తిట్లు కూడా అయిపోయాయి.

కిటికీ దగ్గరికెళ్ళి, పక్కింటికి కూడా వినబడేలా గొంతెత్తింది: “మా ఆఫీసులో ఆ పటం గీసింది నేనేనండీ, ఈ గుంట పూడ్చిందీ నేనే, తప్పు నాది, అత్తయ్యని ఎత్తుకోండి.”