చెల్లిపోయిన జరిమానా

"ఇంకా బకాయి ఉన్నట్టే చూపిస్తోంది మాస్టారూ," అంది నర్సుగారు, డ్రైవరు సీట్లో కూర్చుని తన ఫోన్‌లో నా కారు నంబరు కొట్టి.

డ్రైవింగ్ నేర్పే కారుమీదే జరిమానా. ఆవిడకది మొదటి క్లాసు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎప్పుడో కట్టేశానమ్మా. ఇదిగో రసీదు. ట్రాఫిక్ పోలీసుల వెబ్‌సైటుదే నత్తనడక. మనిషన్నాక బాధ్యత ఉండాలి కదా," అన్నాను. బాధ్యత గురించి మాట్లాడటంలో నాకు నేనే సాటి.

ఆవిడ రసీదు చూసి తలూపింది. "కట్టారు, సరే. ఇక్కడ ఫొటో కూడా ఉంది."

ఫొటోలో నేనే. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, రెండో చేతిలో ఫోన్, చెవుల దాకా నవ్వు. పక్క సీట్లో బిక్కచచ్చిపోయిన స్టూడెంటు. రోడ్డుమీద చూపు ఎలా నిలపాలో నేర్పుతున్న రోజది.

"జరిమానాతో అది చెల్లిపోయిందమ్మా."

"నేను ప్రమాదాల వార్డులో పనిచేశాను బాబూ. అక్కడికొచ్చినవాళ్లలో జరిమానాలు కట్టినవాళ్లూ ఉండేవాళ్లు. బండిలో మళ్లీ ఫోన్ పట్టుకోలేదు కదా?"

"ముట్టుకుంటే ఒట్టు."

కారు కదిలింది. మలుపు దగ్గర నా ఫోన్ మోగింది. "కుడి అద్దం చూడండి" అంటూనే తీసి చెవికి ఆనించుకున్నాను.

ఆవిడ బ్రేకు తొక్కింది. ఇంజను ఆగిపోయింది. అరచెయ్యి చాపింది. బుద్ధిగా ఫోన్ అందులో పెట్టాను.

"ఇప్పుడు చెప్పండి. ఏ అద్దం?"

వెబ్‌సైటులో నా బకాయి ఈమధ్యే పోయింది. నా ఫోన్ మాత్రం క్లాసు అయ్యేదాకా ఆవిడ సంచిలోనే ఉంటోంది. అడక్కుండా నేనే ఇస్తున్నాను.