జీతం పక్కన మైనస్

గ్రిమ్స్‌బీ రేవు పక్కనున్న చేపల కంపెనీలో ఆ శుక్రవారం జీతం చీటీలు పంచారు.

లొరైన్ తన చీటీ చూసుకుని కత్తి బల్ల మీద పెట్టేసింది.

అసలు జీతం కింద మైనస్ గుర్తుతో కొత్త వరస ఒకటి పుట్టుకొచ్చింది. కిందటి నెల దాకా కోతల్లో కనిపించిన పెన్షన్ గడి ఈసారి ఖాళీగా ఉంది.

జీతమూ కోశారు, పెన్షనూ మింగేశారు అని ఆమె తేల్చేసింది.

చేపల్ని కోసి ముల్లు తీయడంలో లొరైన్‌ను మించినవాళ్ళు ఆ రేవులో లేరు. ఆమె మాటంటే తోటి ఆడవాళ్ళకు గురి. ఆమె నోరంటే మేనేజరుకు జంకు.

మధ్యాహ్నం అందరూ ఎదురుగా ఉన్న చిప్స్ కొట్లో కూర్చున్నారు. కంపెనీ కిందటి నెల ఏదో కాగితం ఇస్తే చదవకుండానే సంతకాలు పెట్టామని అప్పుడు గుర్తొచ్చింది. ఇక కత్తి పట్టేది లేదని లొరైన్ గట్టిగానే అంటోంది.

పక్క బల్ల దగ్గర బూడిద రంగు వానకోటు వేసుకున్న ముసలాయన ఒక్కడే టీ తాగుతున్నాడు.

"ఆ చీటీ ఒకసారి చూడొచ్చామ్మా?" అన్నాడు.

చూసి, నిదానంగా చెప్పాడు. ఇదివరకు మొత్తం జీతం మీద ప్రభుత్వ బీమా కోత పడేది. పెన్షన్ సొమ్ము కోతల గడిలో కనపడేది. ఇప్పుడు ఆ పెన్షన్ సొమ్ముకు సరిపడా జీతం వదులుకుంటామని మీరు సంతకం పెట్టారు. దాన్ని కంపెనీ తన పేరుతో మీ పెన్షన్‌లో వేస్తోంది. అందుకే పైన మైనస్, కింద మీ గడి ఖాళీ. అడుగున కంపెనీ వాటా చూడండి, మీదీ వాళ్ళదీ కలిపి అక్కడే ఉంది. కాగితం మీద జీతం తగ్గింది కాబట్టి బీమా కోతా తగ్గింది. చేతికి కాస్త ఎక్కువే వస్తుంది.

లొరైన్ చూసుకుంది. నిజమే. కంపెనీ వాటా బాగా పెరిగింది. చేతికొచ్చేదీ కొన్ని పౌన్లు పెరిగింది.

అందరి ముందూ తల కొట్టేసినట్టయింది ఆమెకు.

"నువ్వు కంపెనీ మనిషివా? ఇది చెప్పడానికి ఎంతిచ్చారేంటి నీకు?" అంది.

అందరూ నవ్వారు. ఆయన నేలలు కడిగేవాళ్ళెవరైనా ఇక్కడ ఉన్నారా అని అడిగాడు.

మూలన కూర్చున్న బెర్నీ చెయ్యెత్తింది. ఆమె చీటీలోనూ అదే మైనస్.

ఆయన వేలు దాని మీద ఆగింది.

"ఇది మాత్రం తప్పు. ఈమెకిచ్చేదే కనీస వేతనం. అంతకంటే కిందికి దించే హక్కు ఎవరికీ లేదు. ఈమె సంతకం పెట్టినా సరే."

"ఇందాక రైటన్నావు, ఇప్పుడు తప్పంటున్నావు. ఆ కప్పులో ఉన్నది టీయేనా పెద్దాయనా?" అంది లొరైన్.

మళ్ళీ నవ్వులు.

ఆయన లేచి కోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

"నీ చీటీ పట్టుకుని కొట్లాడితే ఓడిపోతావమ్మా. ఈమె చీటీ పట్టుకుని కొట్లాడు. దానికి వాళ్ళ దగ్గర జవాబు లేదు."

వెళ్ళిపోయాడు. పేరేమిటని ఎవరూ అడగలేదు.

లొరైన్ ఆ మాట చెవిన పెట్టలేదు. తన చీటీతోనే మేనేజర్ హెస్లాప్ గదికి వెళ్ళింది. అతను ముసలాయన చెప్పిందే పొల్లుపోకుండా చెప్పి, నీకు లాభమే కదా, వెళ్ళి పని చూసుకోమన్నాడు.

ఆమె గుమ్మం దాకా వచ్చింది. బయట బెర్నీ వంగి నేల తుడుస్తోంది.

లొరైన్ ఆమె చీటీ అడిగి తీసుకుని వెనక్కి వెళ్ళింది.

"మరి దీని సంగతేంటి?"

హెస్లాప్ ముఖంలో నవ్వు మాయమైంది. ఆమె ఇష్టపడే సంతకం పెట్టిందన్నాడు.

"పెట్టినా చెల్లదు."

"నీకు నాలుగు పౌన్లు కలిసొచ్చాయిగా లొరైన్. నేల కడిగేవాళ్ళ గొడవ నీకెందుకు?"

"వాళ్ళు కడిగిన నేల మీద రోజంతా నిలబడేది నేను."

కిందికొచ్చి విషయం చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు కత్తులు పక్కన పెట్టేశారు. చేపల మీద ఐసు కరగడం మొదలైంది. హెస్లాప్ వచ్చి బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. తన వల్ల అందరి ఉద్యోగాలూ పోతాయని బెర్నీ ఏడ్చింది. లొరైన్ ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఒక్కరూ కదల్లేదు. సరుకు కోసం వచ్చిన లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

మర్నాటికి లీడ్స్‌లోని హెడ్డాఫీసు దిగొచ్చింది.

ఆ తర్వాతి వారం జీతాల విభాగం నుంచి రొవీనా అనే అమ్మాయి వచ్చి, నేలలు కడిగేవాళ్ళందరి చీటీలూ సరిచేసింది. మైనస్ పోయింది, తగ్గించిన జీతం తిరిగొచ్చింది, వాళ్ళ పెన్షన్ మళ్ళీ పాత గడికి చేరింది.

పని ముగిశాక లొరైన్ ఆమెకు చిప్స్ కొట్లోని ముసలాయన గురించి చెప్పింది. ఆయన్ని నానా మాటలూ అన్నానని, క్షమించమని అడగడానికి రోజూ ఆ కొట్టుకు వెళ్ళి చూస్తున్నానని అంది.

కాగితాలు సర్దుతున్న రొవీనా చేతులు ఆగిపోయాయి. బూడిద రంగు వానకోటా అని అడిగింది.

"అవును. నీకు తెలుసా? ఎక్కడుంటాడు?"

"మిస్టర్ థ్రెల్‌ఫాల్. లీడ్స్‌లో ఇల్లు ఖాళీ చేసేశారు. ఎక్కడికెళ్ళారో ఎవరికీ చెప్పలేదు."

ఆ అమ్మాయి మెల్లగా అంది.

"ఇన్నేళ్ళూ మీ జీతం చీటీలు తయారుచేసింది ఆయనే, నేలలు కడిగేవాళ్ళ పేర్లు ఈ కొత్త కోతలో ఎక్కించనన్నందుకు ఆయన్ని తీసేసి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు."