నిన్న వచ్చినాయన

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

"మళ్లీ వచ్చారేంటి బాబాయిగారూ?" అంది ఆసుపత్రి కౌంటర్లో పిల్ల.

కళ్లద్దాల దుకాణం ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. "నన్నేనా అమ్మా? నేనిక్కడికి రావడం ఇదే మొదలు."

ఆ పిల్ల నవ్వి రిజిస్టరు ఆయన వైపు తిప్పింది. నిన్నటి తేదీ, ఆయన పేరు, పక్కన ఆయన సంతకం. చివరి అక్షరం కింద కొక్కెంలా లాగే గీతతో సహా ఉంది. "నిన్న అదిగో ఆ కుర్చీలోనే కూర్చున్నారు. డాక్టరుగారు మీతో అరగంట మాట్లాడారు."

నిన్నంతా ఆయన దుకాణం గుమ్మం దిగలేదు.

ఆయనకి ప్రోస్టేట్ కేన్సరు. మూత్రసంచి కింద ఉండే గ్రంథిలో చిన్న గడ్డ. మొదట చూసిన డాక్టరు మూడు దారులున్నాయన్నాడు. ఆపరేషన్ చేయించుకుని గ్రంథి తీసేయించుకోవచ్చు, కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవచ్చు, కాదంటే మూడు నెలలకోసారి పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చు. ఏదైనా సరే, నెలాఖరులోగా తేల్చుకోమన్నాడు. నెలాఖరు మీద పడుతోంది, ఈయన తేల్చుకోలేదు. ఇంకో డాక్టరు మాట కూడా విందామని ఇంట్లో చెప్పకుండా ఇక్కడికొచ్చాడు.

లోపల డాక్టరు కూడా చూడగానే పలకరించాడు. "రండి రండి. నిన్న చెప్పిందాంట్లో ఏమైనా అనుమానమా?"

"నిన్న... నేనేమన్నానండీ?"

డాక్టరు ఫైలు తెరిచాడు. "కరెంటు వద్దన్నారు. కనిపెట్టుకుని ఉండటం మీ వల్ల కాదు, కంటిమీద కునుకు ఉండదన్నారు. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు మూత్రం ఆగకపోవచ్చు, సంసారం మునుపటిలా ఉండకపోవచ్చు అని చెప్పాను. అవి మా ఆవిడతో మాట్లాడుకుంటాను లెండి అన్నారు. పరీక్షలన్నీ నిన్నే అయ్యాయి కాబట్టి రేపు పొద్దున్నే చేసేద్దాం. మీ అంత ధైర్యంగా చెప్పేవాళ్లు తక్కువండీ."

రెండు వారాలుగా ఏ మాట భార్య ముందు గొంతు దాటక మింగేస్తున్నాడో, ఆ మాట ఎవడో ఆయన నోటితోనే హాయిగా అనేసి వెళ్లాడు.

ఇంటి మలుపులో బావమరిది స్కూటరు ఆపాడు. "అదేంటి బావా, అటునుంచి వస్తున్నావ్? ఇప్పుడేగా నిన్ను దుకాణం దగ్గర దింపాను."

"నన్నా?"

"కాకపోతే నీ నీడనా? అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా అది బాగుందా అని ఊరందరినీ అడగటమే కానీ, నీ విషయం నువ్వు ఈ జన్మకి తేల్చవనుకున్నా. పోనీలే, ఇవాళ మా అక్క కడుపునిండా అన్నం తింది."

ఇంట్లో భార్య సంచిలో బట్టలు సర్దుతోంది.

"ఎవరివి?" అన్నాడు.

"ఎవరివేంటి, మీవే. రేపు పొద్దున్నే అన్నారుగా."

"ఎవరన్నారు?"

"మీరే. ఇందాక ఈ మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. పక్క తడిసినా సరే, మనిద్దరి మధ్య ఇంకేం లేకపోయినా సరే, నీ పక్కన నాలుగేళ్లు ఎక్కువ కూర్చుంటే చాలే అన్నారు. ముప్పై ఏళ్లలో మీ నోట అంత మాట..." ఆమె టవలు అందుకుంది.

"అది నేను కాదే. నేనింకా ఆలోచించుకోవాలి. మూడో డాక్టరొకాయన ఉన్నాడట, ఆయన్ని కూడా ఒక మాట అడిగి..."

ఆమె చేతిలో టవలు అలాగే ఆగింది. ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. టవలు మడిచి సంచిలో పెట్టింది.

ఆయన దుకాణానికి పరుగెత్తాడు. లోపల ఎవరూ లేరు. కుర్చీ మాత్రం వెచ్చగా ఉంది. వచ్చినవాడు మళ్లీ వస్తాడేమోనని తెల్లారి బారెడు పొద్దెక్కేదాకా దాని ఎదురుగా నిలబడి చూశాడు. ఎవరూ రాలేదు.

ఆపరేషన్ ఆపించాలని ఆసుపత్రికి పోయేసరికి, థియేటరు బయట బల్ల మీద భార్య ఒక్కతే కూర్చుని ఉంది. ఆయన నోరు తెరిచేలోపే తలుపు తోసుకుని డాక్టరు వచ్చాడు.

"అయిపోయిందమ్మా. అంతా శుభ్రంగా వచ్చేసింది. తెలివొచ్చింది, మిమ్మల్నే అడుగుతున్నారు."

"నేనిక్కడుంటే లోపలున్నదెవరు?" అన్నాడు ఆయన. డాక్టరు ఆయన పక్కనుంచే నడిచి వెళ్లిపోయాడు. "నువ్వైనా చెప్పవే. నన్ను గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టకేం," అంది ఆమె. ఆయన చొక్కా పై బొత్తాం ఊడి ఉంటే పెట్టింది. "మీరు నిదానంగా ఆలోచించుకోండి. నాకు తేల్చుకున్నాయన చాలు."

లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీవాళ్లకీ చెప్పండి. ఏ ఆసుపత్రిలోనైనా బల్ల చివర కూర్చుని, పక్కవాళ్లని "మీరైతే ఏం చేస్తారండీ" అని అడిగే మనిషి కనిపిస్తే ఆయనకి మరీ మరీ చెప్పండి, ఇంటి దగ్గర తాను కులాసాగా ఉన్నాడని.