రెండు పేర్లకు ఒక వేలిముద్ర

మస్కట్ మార్చురీలో ఉన్న మా ఆయన శవాన్ని ఇవ్వాలంటే మా పెళ్లి సర్టిఫికెట్‌కు విదేశాల్లో చెల్లేలా సర్కారు వేసే అపోస్టిల్ ముద్ర కావాలన్నారు. అందులో నా పేరు మాధురి, ఆధార్‌లో కమలాక్షి. పెళ్లిరోజు ఇక్కడి ఆచారం ప్రకారం పళ్లెంలో బియ్యం మీద మాధురి అని రాయించి పేరు మార్చింది అత్తమ్మే. ఇద్దరూ ఒకరేనని ఆమే సాక్ష్యం చెప్పాలంటూ చంద్రపూర్ నోటరీ కాగితం రాసిచ్చాడు.

కొడుకు పోయిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

"నా వీసా కోసం అత్తమ్మా, వేలిముద్ర వెయ్యాలి," అన్నాను.

"ముద్దుగ పేరు పెట్టినందుకు నాకే సాక్ష్యం అంటగడ్తివా?" అంటూ వేసింది.

సిరా తుడవబోతే నా చెయ్యి పట్టుకుంది.

"వాని పెట్టె ఈ తలుపులకెళ్లి పట్టదు బిడ్డా. వాకిట్లనే దించుమను."